31వ అంశం: నీలం చొక్కా మనిషి

స్పెయిన్ దేశపు ఉత్తరాన, మబ్బులు ఇళ్లకంటే కింద తిరిగే చోట, పెన్యాల్టా అనే కొండ ఊరు ఉంది. ఆ ఊరి ప్రకృతి దృశ్యంలో నేను తొమ్మిది నెలలు భాగంగా ఉన్నాను. ఇది కవిత్వం కోసం అంటున్న మాట కాదు. ప్రభుత్వ ఉత్తర్వు ఉంది. అందులో మూడో పేజీలో ముప్పయ్యో అంశం "రాతి కుళాయి, మూడు ధారలతో". ముప్పై ఒకటో అంశం "నీలం చొక్కా మనిషి, వంగి నీళ్లు తాగుచున్నవాడు". అది నేను. ముప్పై రెండో అంశం గాడిద.

నా పేరు మద్దిలేటి. మాది బేతంచర్ల. నాపరాళ్లు కోసి పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో మెకానిక్‌ని. మా షావుకారు స్పెయిన్ నుంచి రాయి కోసే కొత్త మిషన్ తెప్పించాడు. మిషన్ వచ్చింది గాని, దాన్ని విప్పి బిగించే విద్య దాంతో రాలేదు. ఆరు నెలలు అక్కడే ఉండి నేర్చుకు రమ్మని నన్ను పంపాడు. నేను విమానం ఎక్కేనాటికి మా పాపకు ఏడో నెల. ఇంకా కూర్చోబెడితే పక్కకు ఒరిగిపోయేది.

అక్కడ నేను నేర్చుకున్న స్పానిష్ అంతా మిషన్ స్పానిష్. బ్లేడు, నూనె, బిగించు, ఆపు, ప్రమాదం. ఈ అయిదు మాటలతో నేను అన్నం తిన్నాను, జ్వరం తగ్గించుకున్నాను, ఒకసారి పెళ్లి భోజనానికి కూడా వెళ్లొచ్చాను. తర్వాత పెన్యాల్టా వాళ్లు మిగతా మాటలు నేర్పారు. వాళ్లన్నవి నాకు అర్థమైన తెలుగులోనే చెబుతాను.

జూన్ నెలలో ఒక ఆదివారం, ఊరికే కొండలు చూద్దామని బస్సెక్కాను. బస్సు చెస్ట్‌నట్ చెట్ల మధ్య మెలికలు తిరుగుతూ రెండు గంటలు ఎక్కి, పెన్యాల్టా మలుపులో ఆగింది. ఇరవై నిమిషాలు ఆగుతుందన్నాడు డ్రైవరు. మలుపులోంచి చూస్తే ఊరంతా ఒక్క చూపులో కనిపిస్తుంది. నల్ల పలకరాయి కప్పిన రాతి ఇళ్లు, కొయ్య బాల్కనీల్లో ఎర్రపూల కుండీలు, చర్చి గంట గోపురం మీద కొంగ గూడు, వెనక పచ్చటి వాలు మీద మేకలు, ఆ పైన ఇంకా కరగని మంచు గీత. ఇళ్ల మధ్య రాళ్లు పరిచిన ఖాళీ జాగా ఒకటి. ప్లాసా అంటారు. దాని మధ్యలో కుళాయి.

నేను దిగి, దోసిలి పట్టి నీళ్లు తాగుతున్నాను. మలుపులో ఒకాయన మూడు కాళ్ల స్టాండు మీద కెమెరా పెట్టి ఉన్నాడు. అడ్డం వచ్చానేమోనని తప్పుకోబోతే చెయ్యి ఊపాడు.

"ఉండండి, ఉండండి! బాగుంది!"

ఎంత మర్యాదస్తుడో అనుకున్నాను.

సెప్టెంబరులో నా శిక్షణ అయిపోయింది. టికెట్టు చేతికొచ్చింది. ఇంకో వారంలో ప్రయాణమనగా, ఇద్దరు పోలీసులు వర్క్‌షాపుకు వచ్చి, టోపీలు తీసి నమస్కారం పెట్టి, నన్ను జీపులో పెన్యాల్టా తీసుకెళ్లారు. అక్కడ మేయరు ఆఫీసులో ఇద్దరు ఎదురు చూస్తున్నారు. ఒకరు మేయరు బెనిగ్నో. లావుపాటి మనిషి. కింద బారు కూడా ఆయనదే కాబట్టి భుజం మీద గ్లాసులు తుడిచే గుడ్డతోనే మేయరు పని చేస్తాడు. రెండో ఆయన సన్నగా, టై కట్టుకుని, చేతిలో కొలత టేపుతో ఉన్నాడు. ఆయన రక్షిత దృశ్యాల శాఖ అధికారి డాన్ అన్సెల్మో. డాన్ అంటే అక్కడ గారు అని. గోడ మీద ఆ ఆదివారం నాటి ఫోటో, తలుపంత సైజులో. దాంట్లో ప్రతిదాని మీదా ఒక నంబరు. మొత్తం నలభై ఏడు.

అన్సెల్మో గొంతు సవరించుకున్నాడు.

"జూన్ పద్నాలుగో తేదీ ఉదయము పదకొండు గంటల ఆరు నిమిషములకు పెన్యాల్టా గ్రామము పరిపూర్ణత పొందినట్లు శాఖ నిర్ధారించినది. సదరు పరిపూర్ణతను యథాతథముగా కాపాడుట మన అందరి కర్తవ్యము. కావున రోజూ పది గంటల నుండి ఒంటి గంట వరకు, నలభై ఏడు అంశములూ తమ తమ స్థానములలో ఉండవలెను."

"నాకు వచ్చే మంగళవారం టికెట్టు ఉంది సార్."

"తమరు వెళ్లుటకు శాఖకు అభ్యంతరము లేదు. ముప్పై ఒకటో అంశము వెళ్లరాదు."

"అది నేనే కదా సార్."

"అది తమరిద్దరి మధ్య విషయము. అందులో శాఖ జోక్యము చేసుకోదు."

నా వీసా అయిపోతుందన్నాను. దృశ్యాంశానికి వీసా ఉండదన్నాడు. కిటికీలోంచి కొండ చూపించి, "దాన్ని ఎప్పుడైనా వీసా అడిగామా?" అన్నాడు. జీతం సంగతి అడిగాను. అంశాలకు జీతం ఉండదు, నిర్వహణ ఉంటుందట. నా నిర్వహణ కాగితం చదివి వినిపించాడు. బారు పైన గది, మూడు పూటలా తిండి, ఏడాదికి ఒకసారి తుప్పు గీకి రంగు వేయడం. ఆ కాగితం కుళాయి పక్కనున్న ఇనప కంచె కోసం రాసినదట. నేను గట్టిగా అభ్యంతరం చెబితే తుప్పు గీకడం కొట్టేశాడు. రంగు మాత్రం ఉంచాడు. నా పాస్‌పోర్టు అడిగి తీసుకుని, "మూలపత్రము" అని రాసి ఫైల్లో పెట్టి తాడు కట్టాడు.

అన్సెల్మో వెళ్లాక బెనిగ్నో నాకు కాఫీ పోసి, ఎదురుగా కూర్చున్నాడు.

"చూడు తమ్ముడూ. ఈ ఊళ్లో అరవై ఒక్కమందిమి ఉన్నాం. స్కూలు పోయింది. పోస్టాఫీసు పోయింది. వచ్చే ఏడాది నుంచి బస్సు కూడా ఎత్తేస్తామన్నారు. రక్షిత దృశ్యం అయితే బస్సు ఉంచుతారంట. ఒక్క అంశం తగ్గినా జాబితాలోంచి కొట్టేస్తారు. అప్పుడు ఈ ముసలాళ్లు ఆసుపత్రికి దేని మీద పోతారు? నేను అర్జీ పెడతాను. నాలుగు వారాలు ఓపిక పట్టు."

పాస్‌పోర్టు వాళ్ల దగ్గరే ఉంది కాబట్టి నేను చాలా ఓపికగా ఉన్నాను.

ఆ సాయంత్రం ఇంటికి ఫోన్ చేశాను. నా భార్య సుంకులమ్మ అంతా వింది.

"అయితే ఇప్పుడు ఏం పని చేస్తాండావు ఆడ?"

"నిలబడతాండా."

"నిలబడేదానికి ఆ దేశం పోవల్లనా? ఈడ ఇంటి ముందర నిలబడితే కాదా?"

"ఈడ నిలబడితే అన్నం పెడతాండారే."

"మా నాయన నలభై ఏండ్లు గనిలో నడుం వంచి పనిచేసినాడు. ఒక్కరూ పెట్టల్యా," అంది. తర్వాత గొంతు తగ్గించి, "పాప నిన్న మూడు అడుగులేసింది," అని ఫోన్ పెట్టేసింది.

మర్నాటి నుంచి నా ఉనికి మొదలైంది. పది గంటలకు అన్సెల్మో మలుపులో నిలబడి విజిల్ వేసేవాడు. ఫోటో చేత్తో పట్టుకుని, ఒక కన్ను మూసి, ఊరినీ దాన్నీ పోల్చుకుంటూ మైకులో చెప్పేవాడు. "ముప్పై రెండో అంశము, తల ఎడమకు!" గాడిద వినేది కాదు. దాని పేరు మినిస్ట్రో, అంటే మంత్రి. ఉత్తర్వులు విని పక్కకు చూడటం దాని స్వభావమని బెనిగ్నో చెప్పాడు.

నాకు పదిహేను అడుగుల దూరంలో, తన ఇంటి గుమ్మంలో పన్నెండో అంశం కూర్చునేది. లియొకాడియా. ఎనభై నాలుగేళ్లు. ఆ ఊళ్లో పెద్దవాళ్లను టియా అంటారు, అంటే అత్త. ఊరందరికీ ఆమె అత్తే. ముప్పై ఏళ్ల కిందట మొగుడు పోయినప్పటి నుంచి నల్ల గౌను తప్ప వేసుకోలేదు. జూన్ పద్నాలుగున మాత్రం అది ఉతికి ఆరేసి, పెట్టె అడుగునున్న పువ్వుల గౌను, పొట్టి చేతులది, ఆ ఒక్క పూటకు తొడుక్కుంది. అందుకని ఇప్పుడు రోజూ పువ్వుల గౌను తొడుక్కుని కూర్చోవాలి. నల్ల గౌను రోజూ తడిపి తీగ మీద వేయాలి. అది పద్నాలుగో అంశం.

ఆ పూట ఆమె బఠానీ కాయలు ఒలుస్తూ ఉంది. కాబట్టి ఇప్పుడూ ఒలవాలి. అక్టోబరులో బఠానీ కాయలు అయిపోయాయి. ఉన్న కాయల్లోకే గింజలు తిరిగి పెట్టి, పచ్చదారంతో కుట్టి ఇవ్వమని ఊళ్లో ఆడవాళ్లకు తాఖీదు వచ్చింది. మధ్యాహ్నం అంతా వాళ్లు కుట్టేవాళ్లు. పొద్దున అత్త ఒలిచేది.

"మదిలేత్," అని పిలిచేది నన్ను. పూర్తి పేరు ఆమెకు తిరిగేది కాదు. "ఈ గింజల్ని నేను ఒలవడం ఇది అరవయ్యోసారి. ఒక్కోదాన్నీ గుర్తుపడుతున్నాను. ఇదిగో ఈ మచ్చది ఎప్పుడూ కింద పడుతుంది."

మా ఇద్దరి మధ్య కబుర్లతోనే నాకు స్పానిష్ వచ్చింది. ఆమె పొరుగూరు గురించి, తోడేళ్ల గురించి చెప్పేది. నేను బేతంచర్ల ఎండ గురించి చెప్పేవాణ్ని. నీడలో నలభై నాలుగు డిగ్రీలంటే నమ్మలేదు. "అంత ఎండ ఉంటే ఇక్కడికి ఎందుకొచ్చావు?" అని అడిగేది, చలికి చేతులు రుద్దుకుంటూ.

చలికాలం వచ్చింది. శాఖ దృష్టిలో అది రాలేదు. చెస్ట్‌నట్ ఆకులు రాలితే లారీలో ప్లాస్టిక్ ఆకులు వచ్చాయి, నిచ్చెనలేసి కట్టారు. వాలు మీద గడ్డి పసుపెక్కితే పచ్చరంగు కొట్టారు. మంచు పడితే పది గంటలలోపు ఊరంతా పారలు పట్టుకుని వాలు ఊడ్చేవాళ్లం. కొంగ ఆగస్టులోనే ఆఫ్రికా వెళ్లిపోయింది. అనుమతి లేకుండా విధులకు గైర్హాజరైనందుకు పదిహేను రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలని గంట గోపురానికి నోటీసు అంటించారు. గడువు దాటాక, దాని స్థానంలో సిమెంటు కొంగను నియమించారు.

మేకలతో వేరే చిక్కు. ఫోటోలో పదిహేడు. నవంబరులో ఒకటి ఈనింది. అన్సెల్మో మూడుసార్లు లెక్కబెట్టి, "అదనపు మేక ఉన్నది," అన్నాడు. దాన్ని రోజూ పది నుంచి ఒంటి గంట వరకు మేయరు బారులో దాచేవాళ్లం. అది బల్లల మీద కాగితపు రుమాళ్లు, ఒక చదరంగం పావు, ధరల పట్టిక తినేసింది.

వీటన్నిటికంటే నాకు బాధనిపించింది రెమెడియోస్ సంగతి. నలభై అయిదేళ్ల మనిషి. ఇరవై ఏళ్లు పట్నంలో పెద్ద బేకరీలో చేసి, నాన్న కట్టిన పాత పొయ్యి మళ్లీ వెలిగిద్దామని ఊరికి వచ్చింది. ఊరికి రొట్టె వారానికి రెండుసార్లు వ్యానులో వస్తుంది. శుక్రవారం వచ్చిన రొట్టెతో సోమవారం మేకు కొట్టొచ్చు. జనం ఆమె కోసం ఎదురుచూశారు. పొయ్యి బాగుచేసింది, పిండి దింపించింది. తీరా చూస్తే తొమ్మిదో అంశం: "రొట్టెల దుకాణపు తలుపు, మూసి ఉన్నది". ఫోటో తీసింది ఆదివారం మరి.

"పది నుంచి ఒంటి గంట వరకే కదా సార్, మిగతా వేళల్లో తెరుచుకుంటాను," అంది ఆమె.

"అమ్మా, తెరిచిన తలుపు తిరిగి మూసినపుడు అదే విధముగా మూసుకొనునని ఏమి హామీ? ఒక అంగుళము తేడా వచ్చినచో శాఖ ఏమి కావలెను?"

ఆయన తలుపుకు లక్క సీలు వేశాడు. రెమెడియోస్ లోపలికి వెనక కిటికీలోంచి దూకి వెళ్లి, రొట్టెలు కాల్చి, ఆ కిటికీలోంచే ఇచ్చేది. ఒకరోజు ఆ వాసన ప్లాసా అంతా నిండింది. అన్సెల్మో ముక్కు ఎగబీల్చి, ఫోటోను అటూ ఇటూ తిప్పి చూసి, నియమావళి పుస్తకం మొత్తం తిరగేశాడు. వాసన గురించి ఎక్కడా లేదు. "వాసన ఉండవచ్చును," అన్నాడు చివరకు. "రొట్టె ఉండరాదు."

నా అర్జీకి డిసెంబరులో జవాబు వచ్చింది. ముప్పై ఒకటో అంశమును తొలగించవలెనన్న, అదే ఎత్తు, అదే రంగు, అదే వంపు గల ప్రత్యామ్నాయ అంశమును సమర్పించవలెను. నా రంగు మనిషి ఆ జిల్లాలో ఎవరూ లేరు. షావుకారుకు ఫోన్ చేసి నాలాంటివాణ్ని ఒకణ్ని పంపమని అడిగాను. "నువ్వు రాకపోతే ఈడ మిషన్ మీద కోళ్లు గుడ్లు పెడతాండాయి, ఇంకొకణ్ని పంపుతానా?" అని అరిచాడు. అదే వారం పాప ఫోన్లో మొదటిసారి "నాన" అంది. నన్ను కాదట. మా బావమరిదిని చూసి.

జనవరిలో లియొకాడియా అత్తకు జ్వరం తగిలింది.

పొట్టి చేతుల గౌనుతో మంచుగాలిలో మూడేసి గంటలు కూర్చుంటే తగలక ఏమవుతుంది? మొదట దగ్గు. అన్సెల్మో, "ఫోటోలో దగ్గు లేదు," అని మందలించాడు. ఆమె దగ్గు ఆపుకుంటూ ఇంకో నాలుగు రోజులు కూర్చుంది. అయిదో రోజు పొద్దున నేను చూస్తుండగానే ఆమె ఒళ్లోంచి గిన్నె జారి రాళ్ల మీద పడింది. గింజలన్నీ చెల్లాచెదురయ్యాయి. తల గుమ్మానికి ఆనించి కళ్లు మూసుకుంది. పెదాలు నీలంగా ఉన్నాయి.

ఆ రోజు గురువారం కావడం ఆమె అదృష్టం. లోయలోంచి డాక్టరమ్మ వారానికి ఆ ఒక్క రోజే వస్తుంది. పరుగున వచ్చి గుండె మీద గొట్టం పెట్టి చూసి, "ఊపిరితిత్తుల్లో నిమ్ము. ఇప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్లాలి," అని అంబులెన్సుకు ఫోన్ చేసింది. అరగంటలో అంబులెన్సు వచ్చి మలుపులో ఆగిపోయింది. ఫోటోలో బండి లేదు కాబట్టి ఒంటి గంట లోపు ప్లాసాలోకి బండి రాకూడదు.

అన్సెల్మో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆయన ముఖం కూడా పాలిపోయింది. చెడ్డవాడు కాదు. నియమం కనపడకపోతే ఊపిరాడని మనిషి.

"డాక్టర్ గారూ, అంశమును తొలగించుట అనగా దృశ్యమును కూల్చుట. నాకు ఆ అధికారము లేదు."

"ఈవిడ చచ్చిపోతుంది. వినపడుతోందా మీకు?"

"నియమము పందొమ్మిది ప్రకారము మరమ్మతు మాత్రము..."

"అయితే మరమ్మతే! కాగితం ఇటివ్వండి." ఆమె అతని చేతిలోంచి కాగితం లాక్కుని, "పన్నెండో అంశం, లోపల తేమ చేరింది, అత్యవసర మరమ్మతు" అని గీకి సంతకం పెట్టింది.

అన్సెల్మో ముఖం వికసించింది. "మరమ్మతు అయినచో అభ్యంతరము లేదు! అయితే మరమ్మతులో ఉన్న అంశము చుట్టూ ముందుగా ఇనప పంజరము కట్టి, దానిపై సదరు అంశము బొమ్మ ముద్రించిన గుడ్డ కప్పవలెను. రేపు మధ్యాహ్నమునకు గుడ్డ వచ్చును."

నేను ఎన్నడూ రోగిని మోసినవాణ్ని కాను, వీరుణ్ని అంతకంటే కాను. కాని మా ఊరి గనుల్లో రాయి కింద పడ్డవాణ్ని మోయడానికి ఎవరూ ఎవరి అనుమతీ అడగరు. కుళాయి దగ్గరి నుంచి కదిలాను. అత్తను దుప్పట్లో చుట్టి, వీపు మీద వేసుకుని, మెట్లెక్కి మలుపు దాకా నడిచాను. కొంగకంటే తేలిగ్గా ఉంది. అంబులెన్సులో పడుకోబెడుతుంటే నా చొక్కా పట్టుకుని, "ఆ మచ్చ గింజ దొరికిందా?" అని అడిగింది. జ్వరంలో అడుగుతోందని నర్సు అనుకుంది. నేను దొరికిందన్నాను.

తొమ్మిది నిమిషాల తర్వాత తిరిగొచ్చి కుళాయి దగ్గర వంగి నిలబడ్డాను. మర్నాడు నాకు మెమో వచ్చింది.

"ముప్పై ఒకటో అంశము నిన్నటి దినము తన స్థానము నుండి కదిలినట్లు శాఖ దృష్టికి వచ్చినది. దృశ్యాంశములు కదలవు. కావున ఎట్లు కదిలినదో వివరింపవలెను."

నేను ఒక్క మాట రాసి పంపాను. "కాళ్లతో."

ఆ జవాబు రాజధాని దాకా వెళ్లింది. మూడు వారాలు చర్చలు జరిగాయట. చివరకు వచ్చిన ఉత్తర్వు చూసి బెనిగ్నో కుర్చీలో కూలబడి నవ్వాడు. సదరు అంశమునందు నిర్మాణపరమైన అస్థిరత ఉన్నట్లు తేలినందున, దానిని తక్షణము మరమ్మతు కింద ఉంచవలెను!

అలా నా చోట ఇనప పంజరం, దాని మీద నా బొమ్మ ముద్రించిన గుడ్డ వచ్చాయి. గుడ్డ మీద నేను నిజంగానే బాగున్నాను. అన్సెల్మో మలుపులోంచి చూసి, "మూలముకన్న నిలకడ మెరుగు," అని రాసుకున్నాడు. నేను ఆ గుడ్డ వెనక కుర్చీ వేసుకుని, ఉన్ని కోటు తొడుక్కుని కూర్చున్నాను. మొదటి రోజు నన్ను చూడటానికి సగం ఊరు వచ్చింది.

రెండో రోజు నుంచి వాళ్లకూ అస్థిరత మొదలైంది.

గురువారాల్లో డాక్టరమ్మ దగ్గర వరస పెరిగిపోయింది. ఆమె ఎవరినీ కాదనలేదు. ఇరవయ్యో అంశం, పొగ గొట్టం పక్కన పత్రిక చదువుతున్న ముసలాయన: పగుళ్లు. మేకలు పదిహేడు: రంగు వెలుస్తున్నవి. గాడిద: కీళ్లలో శబ్దము. ఫిబ్రవరిలో అసలు కొంగ ఆఫ్రికా నుంచి తిరిగొచ్చి, సిమెంటు కొంగ పక్కన దిగి, దానికి రెండు రోజులు చేపలు తినిపించబోయి, విసిగి ముక్కుతో పొడిచి కింద పడేసింది. ఆ సిమెంటు కొంగనూ మరమ్మతులో చేర్చారు. తొమ్మిదో అంశం కింద డాక్టరమ్మ, "బందులలో వాపు," అని రాసింది. లక్క సీలు తీసి, మూసిన తలుపు బొమ్మ ఉన్న గుడ్డను తలుపుకు అడుగు ముందు వేలాడదీశారు. గుడ్డ వెనక రెమెడియోస్ తలుపు బార్లా తెరిచింది. తలుపును నాలుగైదుసార్లు తెరిచి, మూసి, మళ్లీ తెరిచి చూసుకుంది.

ఏప్రిల్‌కల్లా ఊళ్లో ముప్పై తొమ్మిది పంజరాలు నిలిచాయి. ఊరు కనపడటం మానేసింది. పంజరాలు ఫోటోలో లేవని అన్సెల్మోకు బెంగ పట్టుకుంది. రెండు రోజులు మలుపులో పచార్లు చేసి, ఒక నిర్ణయానికి వచ్చాడు.

"మేయరు గారూ, నలభై ఏడు గుడ్డలు దేనికి? మొత్తము గ్రామమును ఒకే గుడ్డ మీద ముద్రించి కప్పినచో?"

"కొండంత గుడ్డ ఎక్కడ దొరుకుతుందండీ?"

"అక్కడే ఉన్నది కిటుకు. చూచువారికి దగ్గరగా తెచ్చిన కొలదీ గుడ్డ చిన్నదగును. ఈ మలుపులోనే, వారి ముక్కు ముందు కట్టినచో పన్నెండు మీటర్లు చాలును."

మే నెలలో గుడ్డ కట్టారు. ఉన్నత స్థాయి సంఘం చూడటానికి వచ్చింది. అధ్యక్షురాలు పెద్ద టోపీ పెట్టుకున్నావిడ. బస్సు దిగి, గుడ్డ ముందు నిలబడి, చాలాసేపు చూసింది.

"అద్భుతం. ఆకు కూడా కదలడం లేదు," అంది.

సరిగ్గా అప్పుడు గాలి వీచింది. చర్చి, వాలు, మేకలు, మంచు కొండ అన్నీ ఒక్కసారి పొట్ట ఉబ్బించి మళ్లీ లోపలికి పోయాయి.

"భూకంపమా?" అంది ఆవిడ.

"స్వల్పమైనది అమ్మా. ఈ ప్రాంతమున సహజము," అన్నాడు అన్సెల్మో.

అంతలో బారులో దాచడం మానేసిన అదనపు మేక, ఇప్పుడు బాగా ఎదిగినది, గుడ్డ అంచు కిందనుంచి దూరి వచ్చి, సంఘం ముందు నిలబడి అరిచింది. అన్సెల్మో దాన్ని ఫైలుతో అదిలిస్తూ, "ఇది బయటిది, ఇది దృశ్యములోనిది కాదు," అని వివరించాడు. సంఘం తలలూపింది. ఒక సభ్యుడు, గుడ్డను ఇంకా దగ్గరకు తెస్తే పోస్టుకార్డంత సరిపోతుంది కదా, ప్రతివాళ్ల చేతికీ ఒకటిచ్చి కళ్ల ముందు పట్టుకోమంటే పోతుంది కదా అన్నాడు. ఆ సూచనను పరిశీలనకు తీసుకున్నారు. పెన్యాల్టాకు "సంపూర్ణ పరిరక్షణ" బిరుదు, బస్సుకు ఇంకో పదేళ్లు మంజూరు చేసి, గుడ్డతో ఫోటోలు దిగి వెళ్లిపోయారు. ఊరివైపు ఒక్కరూ దిగలేదు.

వాళ్ల బస్సు వెళ్లాక అన్సెల్మో నా పాస్‌పోర్టు తెచ్చి చేతిలో పెట్టాడు.

"ముప్పై ఒకటో అంశము గుడ్డ మీద భద్రముగా ఉన్నందున, తమరు ఇప్పుడు మిగులు. వెళ్లవచ్చును."

నాకు అంత మంచి మాట ఎవరూ ఎప్పుడూ అనలేదు.

తర్వాత ఆయన, ఆ ఊరికి వచ్చిన ఇన్ని నెలల్లో మొదటిసారి, పని లేకుండా ప్లాసాలోకి దిగాడు. రెమెడియోస్ దుకాణం ముందు ఆగాడు. లోపల బల్ల మీద రొట్టెలు పొగలు కక్కుతున్నాయి. జనం వరసలో ఉన్నారు.

"ఈ తలుపు తెరిచి ఉన్నదా అమ్మా?"

రెమెడియోస్ పిండి చేతులు తుడుచుకుంది. "లేదు సార్. మూసే ఉంది."

"అట్లే నమోదు చేయుదును," అని పుస్తకంలో రాసుకుని, పుస్తకం జేబులో పెట్టి, చిన్న గొంతుతో, "రెండు ఇవ్వండి. కాస్త ఎర్రగా కాలినవి," అన్నాడు.

నా బస్సు జూన్ మొదటి శనివారం. పొద్దున్నే రెమెడియోస్ దగ్గర ఒక రొట్టె తీసుకుని లియొకాడియా అత్త ఇంటికి వెళ్లాను. ఆమె మార్చిలోనే ఆసుపత్రి నుంచి వచ్చేసింది. మరమ్మతు పూర్తయిందని డాక్టరమ్మ సంతకం పెట్టనంత కాలం ఆమెను గుమ్మంలో కూర్చోబెట్టడానికి లేదు. డాక్టరమ్మ ప్రతి గురువారం, "ఇంకా పని ఉంది," అని రాసి వెళుతోంది.

ఇంట్లో లేదు. చర్చి వెనక ఉందన్నారు. అటువైపు ఎవరూ ఫోటో తీయరు. చర్చి గోడకు ఆనించి ఒక రాతి బల్ల, ఎదురుగా లోయ. నల్ల గౌను వేసుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. చేతుల్లో ఏ పనీ లేకుండా ఆమెను నేను చూడటం అదే మొదలు.

పక్కన కూర్చుని రొట్టె విరిచి సగం ఇచ్చాను. లోయ అడుగున ఏరు మెరుస్తోంది. అవతలి కొండ మీద రాబందులు గుండ్రంగా తిరుగుతున్నాయి.

"ఏం చేస్తున్నావు అత్తా ఇక్కడ?"

"చూస్తున్నాను," అంది. "నన్ను చూసింది చాలు."

రొట్టె నములుతూ వేలు చాపి చూపించింది. అదిగో ఆ పొలం తన తండ్రిది. ఆ కూలిన పాక దగ్గరే మొగుడు మొదటిసారి మాట్లాడాడు. ఆ వంకర దారిన పెళ్లి కూతురిగా గాడిద మీద వచ్చింది. ఒక్కొక్కటీ చెబుతూ, మధ్యలో కొన్ని పేర్లు మరిచిపోయి, నవ్వుకుంది. పై మలుపులో బస్సు హారన్ కొట్టింది. నేను లేచాను. సంచీ భుజానికి తగిలించుకున్నాను.

"నీ బిడ్డకు ఎన్నేళ్లు?"

"రెండు నిండబోతున్నాయి."

"నిన్ను చూసి మొదట ఏడుస్తుంది," అంది అత్త. "దగ్గరికి పోయి ఎత్తుకోవద్దు. కింద కూర్చో. ఊరికే కూర్చో. అదే వస్తుంది."

బస్సు ఇంకోసారి హారన్ కొట్టింది. నేను మెట్లు ఎక్కాను.

బేతంచర్లలో దిగేసరికి మిట్టమధ్యాహ్నం. సుంకులమ్మ గుమ్మంలో నిలబడి నన్ను పైనుంచి కిందికి చూసి, "చిక్కినావు," అంది. దాని కొంగు పట్టుకుని పాప. నన్ను చూడగానే గుక్కపట్టి ఏడ్చి, వాళ్లమ్మ వెనక్కి పోయింది. నేను సంచీ దింపి, వసారాలో నాపరాయి మీద కింద కూర్చున్నాను. ఎత్తుకోలేదు, పిలవలేదు. అన్నం చల్లారిపోతోందని సుంకులమ్మ రెండుసార్లు కేకేసింది. చాలాసేపటికి చిన్న చెయ్యి ఒకటి వచ్చి నా బూటు తాడు లాగింది.